మూడు నంబర్ల గోడ

కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక సందులో గంజి బ్రహ్మం ఇంటి గోడ మీద మూడు నంబర్లు ఉండేవి. గేటుకు ఎడమపక్క, ఎన్నిసార్లు సున్నం వేసినా పాత మచ్చలా పైకి తేలే నల్ల అంకె ప్లాటు నంబరు. ఆ నేల ఇంకా పంచాయతీగా ఉన్న రోజుల్లో లేఅవుటు వేసినవాళ్ళు రాసింది. తలుపు పైన తుప్పు పట్టిన రేకు మీద మున్సిపాలిటీ నంబరు. మీటరు పెట్టె పక్కన, ఎవరో తొందరలో గీసి వెళ్ళినట్టు, ఎర్రరంగుతో మహానగరం ఇచ్చిన కొత్త నంబరు. అది రాసిన రోజు వాన పడింది. ఎరుపు కొంచెం కారి అట్లాగే ఎండిపోయింది.

"ఇంటికి దెబ్బ తాకి నెత్తురు కారినట్టున్నది" అంది భార్య రాజేశ్వరమ్మ.

"మూడు నంబర్లంటే మూడిండ్లున్నట్టు. నీకింకేం గావాలె?" అని నవ్వాడు బ్రహ్మం.

ఆ నంబర్లతో ఇల్లు దొరికేది కాదు. పక్కింటి అంకె వేరే వరసలోది, ఎదురింటికి అంకే లేదు. ఎవరైనా ఆ ఇంటికి రావాలంటే సందు మొదట్లో ఇస్త్రీ బండి దగ్గర ఆగి రాములమ్మను అడగాలి. బొగ్గుల పెట్టె మీదుగా ఆమె వచ్చినవాణ్ణి చెప్పుల నుంచి తల దాకా చూసేది. చూసి చెయ్యి చాపేది. ఆ చెయ్యి ఎటు చాపితే ఆ సందులో ఇళ్ళు అటే ఉండేవి. చాపకపోతే ఇల్లే లేదు.

బ్రహ్మం పోచంపల్లి పక్క పల్లెలో మగ్గం గుంట అంచున పుట్టాడు. దారానికి ముందే ముడి కట్టి రంగులో ముంచితే ముడి ఉన్నచోట రంగు ఎక్కదు. ఆ తెల్లటి చోటే నేతలో పువ్వవుతుంది. దారం వెంట్రుకంత జరిగితే పువ్వు అంచు చెదురుతుంది, ఇంకొంచెం జరిగితే అది పువ్వే కాదు. నాయిన ఆ మాట చెబుతూ చెబుతూ చూపు పోగొట్టుకున్నాడు. మగ్గం అన్నం పెట్టడం మానేశాక బ్రహ్మం చీరల మూట సైకిలుకు కట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోకి వచ్చాడు. సరూర్‌నగర్ చెరువు వైపు ఒక గది కిరాయికి దొరికింది.

గది దొరికింది కానీ దాని నంబరు దొరకలేదు. నగరంలో ఇంటి ఓనర్లందరికీ ఒకటే భయం. కిరాయికున్నవాడి రేషన్ కార్డు మీద ఇంటి నంబరు ఎక్కితే రేపు ఇల్లే వాడిదంటాడని. కిరాయి తీసుకునేవారు, మంచినీళ్ళు ఇచ్చేవారు, పండగ నాడు గారెలు పంపేవారు. అడ్రస్ మాత్రం ఇచ్చేవారు కాదు. రాజేశ్వరమ్మ కిరోసిన్ పొయ్యి పొగలో దగ్గుకుంటూ వండేది. ఒకసారి గ్యాసు ఆఫీసుకు తనే వెళ్ళింది.

"అడ్రస్ లేని మనిషికి సిలిండర్ ఎట్లిస్తమమ్మా?" అన్నాడు కౌంటర్లో అబ్బాయి.

"మనిషిని కండ్లముంగట నిలవడ్డ గద బిడ్డా. సిలిండర్ నాకియ్యి, గోడకెందుకు?"

అక్కడున్నవాళ్ళు నవ్వారు. సిలిండర్ రాలేదు. ఆ సాయంత్రం ఆమె ముఖం చూసి బ్రహ్మం మనసులో ఒకటి అనుకున్నాడు.

కొత్తపేటలో రెండు గదులు కట్టుకొని పాలు పొంగించిన నాడు ఊరివాళ్ళందరినీ పిలిచాడు. అందరూ చాప మీద కూర్చొని తింటుంటే, మనసులో అనుకున్నది పైకి అన్నాడు. "మన ఊరోళ్ళు ఎవలకన్న ఇంటి నంబరు కావాలంటే నా ఇంటిది రాస్కోండ్రి. దాచుకుంటే అదేమన్న పిల్లల్ని పెడ్తదా?"

రాసుకున్నారు. మగ్గాలు దిగి వచ్చినవాళ్ళు, మార్కెట్లో హమాలీలు, ఎల్‌బీ నగర్‌లో బస్సుల కింద పడుకొని నట్లు బిగించేవాళ్ళు. ఎవరికి ఏది కనిపిస్తే అది రాసుకున్నారు. ఒకరు నల్ల అంకె, ఒకరు రేకు మీదిది. ఇంకొకరు అంకె లేకుండా 'పండ్ల మార్కెట్ వెనక, ఇస్త్రీ బండి సందు' అని. అన్నింటికీ పైన ఒక మాట: కేరాఫ్ గంజి బ్రహ్మం. వాళ్ళ గ్యాసు పుస్తకాలు, ఓటు కార్డులు, పిల్లల హాల్‌టికెట్లు ఆ గడపకు వచ్చేవి. రాజేశ్వరమ్మ వాటిని వెదురు తట్టలో వేసి ఉంచేది. ఆదివారం వచ్చి తీసుకెళ్ళేవారు. చాయ్ తాగేవారు. ఎవరి మగ్గం ఎవరు అమ్మారో, ఎవరికి ఏ దవాఖానలో కాన్పయిందో చెప్పుకొనేవారు. మధ్యాహ్నానికి ఆ రెండు గదుల్లో ఒక ఊరు కూర్చున్నట్టుండేది.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయేవారు. కాగితాల మీద మాత్రం అక్కడే ఉండిపోయేవారు. ఒక్కొక్కరే వచ్చి గోడల వెంట నిశ్శబ్దంగా నిలబడుతుంటే, ఆ ఇల్లు నిండుతూ పోయింది. ఇల్లు ఏమీ అనలేదు. ఇళ్ళు అనవు.

తర్వాత తెలంగాణ ఉద్యమం వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టర్లు సగం దాకా లేచి, చెవి ఒగ్గినట్టు ఆగి, మళ్ళీ కిందికి జారే రోజులవి. దూరంగా నినాదం వినిపిస్తే చీరలు మడతపెట్టే చేతులు ఆగేవి. అది దగ్గరికి వస్తున్నదో దూరం పోతున్నదో తెలిసేదాకా ఎవరూ ఏమీ కొనేవారు కాదు.

బ్రహ్మం అక్క కొడుకు అశోక్ ఆటో నడిపేవాడు. ఆటో ఫైనాన్సు మీద కొన్నది, కేరాఫ్ మామ. ఎర్ర నంబరు కొత్తగా వేసిన రోజుల్లో తీసుకున్నాడు గనక ఆ అంకే రాయించాడు. రాస్తారోకో ఎక్కడుంటే ఆటో అక్కడే ఆగి ఉండేది. అద్దం మీద తెలంగాణ తల్లి బొమ్మ, వెనక సీట్లో డప్పు.

"బండి నడవకుంటే కిస్తీ ఎట్ల కడ్తవ్‌రా?" అని అడిగాడు బ్రహ్మం.

"తెలంగాణ ఒస్తే అన్నీ కడ్తం మామా."

"తెలంగాణ ఒస్తది. నేనూ ఒస్తదనే అంటున్న. గనీ ఫైనాన్సోడు దానికన్న ముందొస్తడు."

అశోక్ పగలబడి నవ్వాడు. మామ భుజం మీద చెయ్యి వేసి, "వాడు గూడ మనోడే అయితడు మామా, జర ఆగు" అన్నాడు.

ఫైనాన్సువాడు ముందే వచ్చాడు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో పొద్దున్నే ఆటో తీసుకుపోయారు. అమ్మినా అప్పు తీరలేదన్నారు. అశోక్ డప్పు మామ ఇంట్లో పెట్టి, పని వెతుక్కుంటూ భీమండి వెళ్ళాడు. ఆ తర్వాత భుజానికి బ్యాగు వేసుకున్న ఒక మనిషి బ్రహ్మం గేటు ముందు నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. అదే భయంగా ఉండింది.

"అశోక్ లేడు సారూ. ఊళ్ళె లేడు" అన్నాడు బ్రహ్మం.

"మీరున్నరు కద పెద్దాయనా. కేరాఫ్ మీరే."

"కేరాఫ్ అంటే జమానతా, అప్పుకు పూచీనా? ఉత్తరం ఒస్తే తీసిపెడ్తనని, గంతే."

"మీకు గంతే. మాకు మనుషులు దొరకరు. ఇండ్లే దొరుకుతయి." అలా అంటూ అతను అరచేత్తో గోడను ఒకసారి తట్టాడు, సంతలో ఎద్దు మెడ తట్టినట్టు.

అతని వెనక ఇంకొందరు వచ్చారు. టీవీ కిస్తీ ఆపిన ఒకరి కోసం, కుట్టుమిషన్ తీసుకొని ఊరెళ్ళిపోయిన ఇంకొకరి కోసం. పనులు లేని ఆ రోజుల్లో ఎవరి చేతిలో కిస్తీ నిలిచింది? ప్రతి ఒక్కరి భుజానా అదే నల్ల బ్యాగు. వాళ్ళు వచ్చినప్పుడు ఎదురింటి కిటికీలో తెర కదిలేది. రాజేశ్వరమ్మ సాయంత్రాలు గడప మీద కూర్చోవడం మానేసింది. తట్టలో కాగితాలు ముట్టుకోవాలంటే, అడుగున ఏదైనా కదులుతుందేమో అన్నట్టు, కొంగు చుట్టుకొని ముట్టుకునేది.

ఒక పొద్దున బ్రహ్మం ఇస్త్రీ బండి దగ్గర ఆగాడు. "అక్కా, బ్యాగేస్కొని ఎవడన్న నా పేరడిగితే లేడని చెప్పు."

"ఏడికి పోయినవని చెప్పాలె తమ్మీ?"

"ఖాళీ చేసి ఎల్లిపోయిండని చెప్పు. నంబరు సదివితే గా నంబరు మా సందుల లేదని చెప్పు. మంచిగ మాట్లాడెటోణ్ణి అస్సలే నమ్మకు."

"సొంతిల్లు ఖాళీ జేసిన మొనగాణ్ణి నిన్నే జూస్తున్న" అని రాములమ్మ నవ్వింది. నవ్వు ఆపి అతని కళ్ళలోకి చూసింది. "పో, దుకాణం తెరుసుకో పో. నా నోట్లెకెల్లి నీ పేరు బయటికి రాదు."

ఆమె నీళ్ళు చల్లి పెట్టె అదిమింది. బట్ట బుస్సుమంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో బ్రహ్మం దుకాణం ఇరుకైన మల్గి. రోడ్డు మీదికి తలుపంత ముఖం, లోపల చీరల బీరువాల మధ్య ఒక మనిషి నడిచేంత దారి. దాని ఓనరు మల్లికార్జునరావు గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడినవాడు. అద్దె కోసం వచ్చిన ప్రతిసారీ ఒక చీర విప్పించి, ఇంటికి తీసుకెళ్ళకుండా, చేతితో నిమిరి వెళ్ళేవాడు. ఆ ఏడు వానాకాలం చివర వచ్చి నిమరలేదు.

"మల్గి అమ్మేస్తున్నాను బ్రహ్మం. మా వాళ్ళు వచ్చెయ్యమంటున్నారు."

"మిమ్ములను ఎవలన్న పొమ్మన్నరా సార్?"

"ఎవరూ పొమ్మనలేదయ్యా." ఆయన రోడ్డు వైపు చూశాడు. "ఉండమని కూడా ఎవరూ అనలేదు. పక్క బేకరీవాళ్ళు కొంటామని తిరుగుతున్నారు. కానీ ముందు నీకు చెప్పాలనిపించింది. నువ్వు కొంటానంటే దీపావళి దాకా ఆగుతాను."

బ్రహ్మం ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని కూడా తినకుండా లేచాడు. సైకిలు మీద మొదలైన బతుకు ఆ తలుపంత ముఖం దగ్గర నిలబడింది. అది పోతే మళ్ళీ సైకిలే. ఇప్పుడు ఆ మోకాళ్ళు సైకిలు తొక్కవు. బ్యాంకు లోను ఒక్కటే దారి. దానికి అతనికి ధైర్యం ఉంది కూడా. స్కూటరు లోను తీర్చాడు, బీరువాల లోను తీర్చాడు, ఏనాడూ ఒక్క కిస్తీ గడువు దాటలేదు.

బ్యాంకులో రామమోహనరావు అనే ఆఫీసరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, కంప్యూటరు తెర చాలాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇందులో ఇద్దరు బ్రహ్మాలున్నారండీ."

"అర్థం గాలే సార్."

"ప్లాటు నంబరు దగ్గర ఒక గంజి బ్రహ్మం. స్కూటరు లోను, బీరువాల లోను, అన్నీ శుభ్రంగా తీర్చాడు. తర్వాత ఆయన జాడ లేదు. ఈ కొత్త నంబరు దగ్గర ఇంకో గంజి బ్రహ్మం. ఆటో లోను ఎగ్గొట్టాడు. పాత మున్సిపల్ నంబరుతో ఇంకేవో బాకీలున్నాయి, వాటినీ మీవేనని ఈ కంప్యూటరు అనుమానిస్తోంది. ఇప్పుడు మీరు దరఖాస్తు పెట్టింది కొత్త నంబరుతో."

"ఆటో నాది గాదు సార్. మా అక్క కొడుకుది. నాది కేరాఫ్."

"నాకు తెలుస్తోందండీ. దానికి తెలియదు కదా. ఇల్లు ఒకటి, పేరు ఒకటి కనిపిస్తే ఒకే గూట్లో పడేస్తుంది. మేనమామ, మేనల్లుడు అని దానికి ఎవరు చెప్పాలి?"

బ్రహ్మం తెర వైపు చూశాడు. ఆ ఇంగ్లీషు అక్షరాలు తెలియకపోయినా అక్కడ ఎవరో తన చొక్కా వేసుకొని నిలబడ్డట్టు అనిపించింది. వాడు తనకన్నా చిన్నవాడు. వాడికి తన ఇల్లు తెలుసు.

"మరెట్ల సార్?"

"ఒకటే మార్గం. మా మనిషి వచ్చి ఆ గోడ చూడాలి. మూడు నంబర్లూ ఒకే ఇంటివని, అందులో ఉన్నది మీరేనని ఫొటో తీసి రిపోర్టు రాస్తే, పాత బ్రహ్మాన్నీ మిమ్మల్నీ కలిపి, మీవి కాని బాకీలు తీసేయమని నేను పైకి రాస్తాను. మనిషిని పంపిస్తాను. ఇంటి దగ్గర దొరకండి, చాలు."

ఆ మాటతో బ్రహ్మం తేలికపడి ఇంటికి వచ్చాడు. దారిలో రాములమ్మ బండి దాటాడు. ఆమె "మొకం ఎలిగిపోతున్నది, ఏంది ముచ్చట?" అంటే, "మంచి ముచ్చటే అక్కా" అని నడిచాడు. అంతకుమించి చెప్పాలని తోచలేదు. బ్యాంకు మనిషి అంటే అతని మనసులో సంబంధం చూడ్డానికి వచ్చే పెద్దమనిషి. ఫైనాన్సువాడు వేరు. ఇద్దరూ ఒకే రకం బ్యాగు వేసుకుంటారన్నది అతని ఊహకు అందలేదు.

సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. బడులు మూతపడ్డాయి. మార్కెట్లో లారీలు కదలక బత్తాయిలు కుప్పల్లోనే మగ్గి, పులిసి, సందంతా తియ్యటి కుళ్ళువాసన పట్టుకుంది. రాజేశ్వరమ్మ కొత్త కప్పులు కొన్నది. మనిషి ఎప్పుడొచ్చినా కనబడాలని తడిగుడ్డతో గోడ తుడిచింది. ఎర్ర నంబరు కొంచెం గుడ్డకు అంటుకొని వచ్చేసింది. ఆమె ఆ గుడ్డ ఎవరికీ కనబడకుండా పిండేసింది.

బతుకమ్మలు వచ్చాయి. సందులో ఆడవాళ్ళు చుట్టూ తిరిగి చప్పట్లు కొడుతుంటే బ్రహ్మం దుకాణం మూసుకొని గేటు దగ్గర కూర్చునేవాడు. తంగేడు పూలు ఎండి గడప ముందు ముడుచుకున్నాయి. దసరా వెళ్ళింది. ఎవరూ రాలేదు.

బ్యాంకుకు వెళితే రామమోహనరావు ఆశ్చర్యపోయాడు. "మా వాడు వచ్చాడు కదండీ. పండగకు ముందే." కాగితం తీసి చదివాడు. "సందు మొదట్లో విచారించగా, సదరు వ్యక్తి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టు, ఆ నంబర్లు ఆ సందులో లేనట్టు తెలిసింది." కాగితం దించాడు. "నేనేం చెయ్యను? ఇప్పుడు ఇది కూడా రికార్డులో ఎక్కింది. మనిషి దొరకలేదు అని."

బ్రహ్మం ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చేసరికి రాములమ్మ ఎవరి పెళ్ళి చొక్కానో మడతపెడుతున్నది.

"అక్కా, పండుగ ముంగట ఎవలన్న ఒచ్చిండ్రా నాకోసం?"

"ఒచ్చిండు!" ఆమె కళ్ళు మెరిశాయి. "నీకు చెప్పుడే మరిసిన. బ్యాగేస్కొని ఒచ్చిండు. తెల్లంగి. నన్ను అమ్మా అన్నడు. ఎండల కూసున్నవేందమ్మా అన్నడు. గంత మంచిగ మాట్లాడంగనే సమజయింది నాకు. ఒకటెనుక ఒకటి మూడు నంబర్లు సదివిండు. మూడిటికి మూడు లెవ్వన్న. బ్రహ్మం తెలుసా అన్నడు. ఎల్లిపోయిండు బిడ్డా, శాన్నాళ్ళాయె అన్న. ఆ పాన్‌డబ్బా పోరడు నీ ఇంటి దిక్కు జూస్తుంటె, వానికి గుడ్లురిమిన. వాడు గూడ తెల్వదన్నడు. సందు సందంత ఒకటే మాట!"

బ్రహ్మం బండి అంచు పట్టుకున్నాడు. కర్ర వేడిగా ఉంది.

"ఏమైంది తమ్మీ? తప్పు జెప్పిన్నా?"

ఆ ముసలి ముఖం మీద బొగ్గు మసి, చెమట, గెలిచిన వెలుగు. దాన్ని ఆర్పడం అతని వల్ల కాలేదు. "లేదక్కా. మంచిగనే చెప్పినవ్." బండి అంచు వదిలి అన్నాడు, "గనీ ఇగ అట్ల చెప్పకు. ఈపారి బ్యాంకు నుంచి మనిషొస్తడు. నాకోసం ఎవలొచ్చినా ఇంటికి తోలియ్యి."

"తోలిచ్చుడేంది, చెయ్యి వట్టి తీస్కొస్త."

రామమోహనరావు ఇంకొకసారి పంపిస్తానన్నాడు. దీపావళి ముందు, అదే ఆఖరు.

అతను చెప్పిన రోజులు దగ్గరపడుతుండగా, ఒక మధ్యాహ్నం, మబ్బు కమ్మి సందు బూడిదరంగుకు తిరిగిన వేళ, రాములమ్మ గొంతు ముందు వినిపించింది. "ఇదే బిడ్డా ఇల్లు. తమ్మీ, ఒచ్చిండు సూడు!" బ్యాగు వేసుకున్న కుర్రవాణ్ణి నిజంగానే మణికట్టు పట్టుకొని తీసుకొచ్చింది. ఎన్నడూ చూసిన ముఖం కాదు. బ్రహ్మం చెప్పులు లేకుండా బయటికి ఉరికాడు.

"రాండ్రి సార్, రాండ్రి. మీకోసమే సూస్తున్న. గిదిగో ప్లాటు నంబరు. గిది మున్సిపాలిటీది. గీ ఎర్రది కొత్తది. మూడూ ఒకటే ఇల్లు సార్. నాదే. నేనే బ్రహ్మం."

"మూడూ ఒకటేనా?" కుర్రవాడు కొంచెం వెనక్కి జరిగి చూశాడు.

"ఒకటే సార్. ఫొటో తీస్కోండ్రి. నన్ను గూడ నిలవడమంటరా?"

నిలబడ్డాడు. చొక్కా గుండీలు పెట్టుకొని, తల మీద రేకు నంబరు కనబడేలా కొంచెం వంగి. రాజేశ్వరమ్మ కొత్త కప్పులో చాయ్ తెచ్చి, కొంగు సర్దుకొని, అతని పక్కన నిలబడింది. కుర్రవాడు ఫోనులో ఫొటో తీసి, చాయ్ సగం తాగి, కప్పు గేటు పక్క పిట్టగోడ మీద పెట్టాడు.

"అశోక్ ఎక్కడున్నడు?"

సందులో ఎక్కడో ముందుగానే పేల్చిన టపాకాయ ఒకటి వినిపించింది.

"మీరు బ్యాంకు నుంచి కాదా సార్?" అంది రాజేశ్వరమ్మ.

"ఫైనాన్సుల తరఫున తిరుగుతం పెద్దమ్మా. నాలుగైదు ఫైనాన్సులవి మాకే ఇస్తరు." అతను బ్యాగులోంచి కాగితాలు తీసి ఒకదాని కింద ఒకటి సర్దుకున్నాడు. మాటలో కోపం లేదు, పని దొరికిన తృప్తి ఉంది. "ఇన్ని రోజులు ఇవి మూడు ఇండ్లనుకున్నం. మూడు దిక్కుల తిరిగి చెప్పులరిగినయి. ఒకటే ఇల్లంటే ఇగ తేల్కైంది. ఇన్ని పేర్లకూ ఈడికే వస్తం."

అతను వెళ్ళాక కూడా కప్పు గోడ మీదే ఉంది. ఎవరూ తీయలేదు. చాయ్ మీద మీగడ కట్టింది, దాని మీద ఒక ఈగ వాలింది. దారం సరిగ్గానే కలిసిందని, వేరే వాళ్ళ మగ్గం మీద కలిసిందని బ్రహ్మానికి మెల్లమెల్లగా తెలిసింది.

మరునాడు ఎండగా ఉంది. బ్రహ్మం లోపల మంచం మీద కూర్చున్నాడు. గేటు చప్పుడైంది. రాములమ్మ ఈసారి ఒక్కతే వచ్చింది, రొప్పుతూ, గొంతు తగ్గించుకొని. నిన్నటి సంగతి ఆమెకు తెలిసిపోయింది.

"తమ్మీ, ఇంకొకడొచ్చిండు. బండికాడ నిలవెట్టొచ్చిన. బ్యాగుంది. నీ పేరే అడుగుతున్నడు. ఏం జెప్పాలె?"

బ్రహ్మం లేచి నిలబడ్డాడు. బయటికి వెళ్ళి చూడొచ్చు. చూసినా ఏం తెలుస్తుంది? నిన్నటివాడి ముఖమూ మంచి ముఖమే. అడుగు తలుపు దాకా వెళ్ళింది. గడప మీద ఆగింది. వెనక గదిలో తట్ట, గోడకు వేలాడే అశోక్ డప్పు, మంచం కోడు పట్టుకొని నిలబడ్డ రాజేశ్వరమ్మ.

రాములమ్మ అతని ముఖం చూసింది. తర్వాత చేయి చాపి తలుపు తానే దగ్గరికి లాగింది.

సందు మొదట్లో ఆమె గొంతు వినిపించింది, నిదానంగా, ఎప్పటిలాగే. "లేడు బిడ్డా. ఆ పేరుగల్లోళ్ళు ఈడ ఎవల్లేరు."

బైకు స్టార్టయిన చప్పుడు. దూరమైన చప్పుడు. బ్రహ్మం గడప లోపలే నిలబడి విన్నాడు. సాయంత్రం రామమోహనరావు ఫోను చేస్తే ఎత్తలేదు. ఏం చెబుతాడో తెలుసు: మనిషి దొరకలేదు అని.

దీపావళి తర్వాత మల్లికార్జునరావు మల్గి బేకరీవాళ్ళకు ఇచ్చాడు. "నేను ఆగాను బ్రహ్మం" అన్నాడు, క్షమాపణ అడుగుతున్నట్టు. బ్రహ్మం దుకాణం బోర్డు విప్పి రిక్షాలో వేయించుకొని తెచ్చి గోడకు ఆనించాడు. అది మూడు నంబర్లలో నల్లదాన్ని కప్పేసింది. ఎదురింటాయన ఒకనాడు మెల్లగా సలహా ఇచ్చాడు: ఈ మనుషులెవరూ ఇక్కడ లేరని, నీకు వాళ్ళతో సంబంధం లేదని స్టాంపు కాగితం మీద రాసివ్వు, పీడ వదులుతుంది.

"సంబంధం లేదని ఎట్ల రాస్తవయ్యా?" అంది రాజేశ్వరమ్మ ఆ రాత్రి. "అశోక్‌ను ఎత్తుకున్న చేతులేనా రాసేటియి?" బ్రహ్మం రాయలేదు.

తర్వాత ఒక ఆదివారం సైదులు అనే కుర్రవాడు ఊరి నుంచి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. మార్కెట్లో హమాలీ పని దొరికిందట. వెనక నిండు నెలల భార్య, చేతిలో కిరోసిన్ డబ్బా. కిరాయి ఓనరు అడ్రస్ ఇవ్వనన్నాడట.

"గ్యాసుకు నీ ఇంటి నంబరు రాస్కోమన్నరు పెద్దయ్యా ఊళ్ళె. రాస్కోవాల్నా?"

బ్రహ్మం రాజేశ్వరమ్మ వైపు చూశాడు. ఆమె ఆ పిల్ల చేతిలోని డబ్బా వైపు చూస్తున్నది. గోడ దగ్గరికి నడిచి, బోర్డును ఒక పక్కకు జరిపింది.

"రాస్కో బిడ్డా" అన్నాడు బ్రహ్మం.

సైదులు పెన్ను తీశాడు. గోడను పైకీ కిందికీ చూసి తికమకపడ్డాడు. "మూడున్నయి పెద్దయ్యా. ఏది రాయాలె?"

సందు మొదట్లో రాములమ్మ ఎవరితోనో మాట్లాడుతున్నది. ఆమె చెయ్యి ఇంకా పైకి లేవలేదు. బ్రహ్మం ఆ చెయ్యి వైపే చూస్తూ నిలబడ్డాడు.